బల్లమీద దామనపల్లి

సమీక్ష అనేది పుస్తకానికే రాయాలని ఎక్కడా శాసనం లేదు కదా! అంచేత ఈసారి నేను ఒక బల్లని సమీక్షించబోతున్నాను. అది మా భోజనాల బల్లే. ఆరుగురు హాయిగా కూర్చుని తినదగ్గ టేకు బల్ల. మొన్న వేసవి సెలవుల్నించీ దానిమీద మేము అన్నం తినడం లేదు. దానిమీద యుద్ధం జరుగుతోంది. మేము కింద చాపలు పరుచుకుని తింటున్నాం. మావారు మోకాళ్లు పట్టుకుని లేస్తూ, "ఈ యుద్ధం ఎప్పటికి ముగుస్తుందిరా?" అని అడుగుతారు. "ఇంకా రంగులే పూర్తి కాలేదు నాన్నా!" అంటాడు మా చిన్నవాడు.

వాడు ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరంలోకి వచ్చాడు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్యగారబ్బాయి పండక్కి వచ్చి, వీడికి ఈ పిచ్చి అంటించి పోయాడు. చిటికెన వేలులో సగం ఎత్తుండే సిపాయి బొమ్మలు. 28 మిల్లీమీటర్లని వాళ్ల లెక్క. ప్లాస్టిక్కువీ ఉంటాయి, లోహానివీ ఉంటాయి. రంగులు లేకుండా, ముక్కలు ముక్కలుగా వస్తాయి. కొనుక్కున్నవాడే వాటిని కోసి, అతికించి, రంగులు వెయ్యాలి. కొండలూ చెట్లూ ఇళ్లూ కూడా తనే తయారుచేసుకోవాలి. ఆ తర్వాత పాచికలు వేస్తూ, టేపుతో అంగుళాలు కొలుస్తూ సైన్యాల్ని నడపాలి. సిపాయి ఎంత దూరం నడవాలో, తుపాకి ఎంత దూరం పేలాలో, ఎవరు బెదిరి పారిపోవాలో అన్నిటికీ ఓ రూల్సు పుస్తకం ఉంటుంది.

ఇదంతా చిన్నపిల్లల వ్యవహారం అనుకునేరు! కాలయంత్రం కథ రాసిన హెచ్.జి. వెల్స్‌గారు 1913లో దీనిమీద 'లిటిల్ వార్స్' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. అప్పటికి ఇంగ్లండులో బ్రిటన్ అనే కంపెనీవాళ్లు లోపల డొల్లగా ఉండే సీసపు సిపాయిల్ని చవగ్గా పోతపోసి అమ్ముతుండేవారు. చిన్న కర్రముక్కల్ని పేల్చే బొమ్మ ఫిరంగి ఒకటి దొరికితే, పెద్దమనుషులు భోజనాలయ్యాక నేలమీద బోర్లా పడుకుని ఆ సిపాయిల్ని గురి చూసి కొట్టేవారుట. అలా పుట్టింది ఈ ఆట. పుస్తకం పేరు కిందనే ఓ ముక్క ఉంటుంది. ఇది మగపిల్లల ఆట అనీ, కాస్త తెలివైన రకం ఆడపిల్లలైతే వాళ్లు కూడా రావచ్చనీ దాని సారాంశం. చదవగానే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఆ తెలివైన రకంలో నేను చేరతానో లేదో తేల్చుకుందామనే ఆ బల్ల దగ్గర కుర్చీ వేసుకు కూర్చున్నాను.

పుస్తకం చివర మాత్రం వెల్స్‌గారు నాకు నచ్చారు. ఈ చిన్న యుద్ధం నాలుగుసార్లు ఆడినవాడికి, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలిసొస్తుందని ఆయన ఆశ. యుద్ధం కావాలని ఎగిరేవాళ్లందరినీ ఇలాంటి బొమ్మలిచ్చి ఒకచోట కూర్చోబెడితే బావుంటుందనే ధోరణిలో రాశారు. మరుసటి ఏడాదే 1914 వచ్చింది. బొమ్మ సిపాయిలు అల్మరాల్లో ఉండిపోయారు, బొమ్మలతో ఆడుకున్న కుర్రాళ్లు కందకాల్లోకి వెళ్లారు. ఆట మంచిదే కావచ్చు గాని, ఆటవల్ల బుద్ధి వస్తుందనుకోవడం మటుకు పెద్దాయన అమాయకత్వమనే అనిపించింది నాకు.

సరే, మా బల్ల సంగతికి వద్దాం. ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి కదా.

వాడు చేసిన కొండలున్నాయే, అవి థర్మోకోలువి. మేకుని వేడిచేసి కోశాడు. పైన పాత పేపర్లు జిగురుతో అంటించి, దొడ్లో మట్టి జల్లించి చల్లాడు. అడవిలో రాలిన ఆకులకోసం మరిగించిన టీ పొడిని ఎండబెట్టాడు. చెట్ల మానులు మెలిపెట్టిన ఇనప తీగ. ఆకులు గిన్నెలు తోమే స్పాంజి, ఆకుపచ్చ రంగులో ముంచి తుంచినది. ఇంట్లో టీ వడపోత, రెండు స్పాంజి ముక్కలు, నా గోళ్లరంగు సీసా, పాత టూత్ బ్రష్షులు అన్నీ యుద్ధంలో వీరమరణం పొందాయి. కాని చూస్తే మటుకు, మా ఊరి పడమటి దిక్కున కనిపించే కొండలే బల్లమీదికి నడిచొచ్చినట్టున్నాయి.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఈ విద్య నాకు కొత్త అనిపించలేదు. మా అమ్మ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేటప్పుడు పది రోజుల ముందే పళ్లెంలో మట్టి పోసి ఆవాలు, మెంతులు చల్లేది. పండగనాటికి అవి మొలిచి పచ్చని చేలయ్యేవి. అద్దం ముక్క చెరువయ్యేది. అగ్గిపెట్టెలు ఇళ్లయ్యేవి. దూది కొండమీద మంచయ్యేది. తెలుగుదేశంలో ఎన్ని తరాల ఆడవాళ్లు ఎన్ని వేల ఊళ్లని ఇలా మెట్లమీద కట్టి, పండగవగానే విప్పేసి, పెట్టెల్లో సర్దేశారో! దానికి ఎవరూ రూల్సు పుస్తకం రాయలేదు. మనం చేస్తే 'ఆడవాళ్ల సరదా', మగపిల్లాడు చేస్తే 'హాబీ' అయింది. వెల్స్‌గారికి ఈ కబురు ఎవరైనా అందించి ఉండాల్సింది.

మావాడు ఎన్నుకున్న యుద్ధం దామనపల్లి ఘాటు. అందుకు నేను మనసులో చాలా గర్వపడ్డాను. వాటర్లూలూ గీటర్లూలూ కాకుండా మా నర్సీపట్నం పిల్లాడు మా కొండల కథే ఎత్తుకున్నాడు. కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి మా ఊళ్లోంచి బస్సెక్కి వెళ్లి చూసొచ్చేంత దగ్గర. కృష్ణగారి 1974 నాటి సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా మా వీధి వీధంతా చూసేది. ఆ సినిమా చాలాభాగం చింతపల్లి ప్రాంతంలోనే తీశారు కూడాను.

తెలియనివారికోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. 1882 నాటి మద్రాసు అడవి చట్టం వచ్చాక మన్యంవాళ్లకి పోడు వ్యవసాయం నేరమైపోయింది. దానికి తోడు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ ఘాటు రోడ్డు పనికి వాళ్లని చాలీచాలని కూలికి తోలించాడు. కడుపుమంట అక్కడ మొదలైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద రాజు మనుషులు పడ్డారు. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు పట్టుకుపోయారు. తర్వాత నెల, సెప్టెంబరు 24న, వాళ్లని వెతుక్కుంటూ వెళ్లిన పటాలం దామనపల్లి ఘాటులో చిక్కుకుంది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ఆ రోజు ముందు నడిచిన మన సిపాయిల్ని పోనిచ్చి, వెనక వచ్చిన దొరల్నే గురి చూశారని చెబుతారు. ఆ తర్వాత మలబారు పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చాయి. 1924 మే 7న రాజుని పట్టుకుని కాల్చి చంపారు.

ఇప్పుడు అసలు సమీక్ష. భూతద్దం పుచ్చుకుని బల్లమీదికి వంగాను.

దొరల బొమ్మలు అద్భుతం! ముందు నల్లరంగు పూత, దానిమీద ఖాకీ, ఆ ఖాకీ మడతల్లోకి పల్చటి గోధుమరంగు నీళ్లలా పారించి, ఆరాక పైపై అంచులకి మాత్రం లేతరంగు పొడి కుంచెతో రుద్దాడు. దాంతో అంగుళం బొమ్మకి బట్ట నలిగినట్టు, ఎండ పడినట్టు వచ్చింది. ఇద్దరికీ గుండీలున్నాయి. నడుం పట్టీకి బకిల్ ఉంది. ఒకాయనకి మీసం, రెండో ఆయనకి ఎండకి కందిన బుగ్గలు. మూడు సున్నాల కుంచెతో, ఊపిరి బిగబట్టి పెట్టిన కనుపాపలు.

తర్వాత కొండమీది వాళ్లని చూశాను. ఇరవై నలుగురున్నారు. సీతారామరాజుకి కాషాయం, గడ్డం, విల్లమ్ములు బాగానే ఉన్నాయి. మిగతా ఇరవై ముగ్గురికీ ఒకటే గోధుమరంగు. అందరికీ ఒకటే గోచీ. ముఖాలమీద ముదురు నీళ్లరంగు ఒకసారి పారించి వదిలేశాడు. కళ్లు లేవు.

"ఇదేమిట్రా! వీళ్లకి కళ్లేవీ?"

"అంత దూరంనించి కనిపించవమ్మా."

"దొరలకి కనిపిస్తున్నాయిగా?"

వాడు తల గోక్కున్నాడు. మెల్లిగా అసలు సంగతి బయటపడింది. దొరల బొమ్మలు పెట్టెల్లో దొరుకుతాయి. ఏ పటాలానికి ఏ రంగు వెయ్యాలో కాగితం కూడా ఉంటుంది. మన కొండదొరలు మటుకు ఏ పెట్టెలోనూ దొరకరు. అంచేత ఆఫ్రికా జూలూ యోధుల పెట్టె ఒకటి కొని, డాళ్లు కోసేసి, ఎం-సీల్‌తో గోచీలూ తలపాగాలూ అద్ది, మన్యంవాళ్లని చేశాడు. వాడి తప్పేముంది? బజారు ఎవరికి ముఖాలిస్తుందో వాళ్లకే ముఖాలుంటాయి.

రూల్సు పుస్తకం మరీ అన్యాయం. అందులో కవాతు నేర్చిన సైన్యానికి ధైర్యం మార్కులు ఎక్కువ, నేర్వనివాళ్లకి తక్కువ. నలుగురు పడిపోతే కొండవాళ్లు పాచిక వేసి పారిపోవాలి. రెండేళ్లు అడవిలో అంబలి తాగి నిలబడ్డ మనుషులకి పుస్తకం వేసిన మార్కులివి! పోనీ, ముందు నడిచిన మన సిపాయిల్ని కాల్చకుండా వదిలేశారే, దానికి రూలేది? ఎదటి పక్షంలో ఎంతమంది పడితే అంత గెలుపు అనే ఆటకి ఆ సంగతి అర్థమే కాదు. అక్కడే నాకు ఈ కళలోని లోపం కనిపించింది. రంగు వెయ్యడంలో ఇంత సూక్ష్మం చూసే కళ, లెక్క వేసేటప్పుడు మనుషుల్ని మొత్తంగా కూడేస్తోంది.

ఇదంతా నేను మంచి ధాటిగా చెబుతున్నాను. గది ఊడుస్తున్న మా పనావిడ చీపురు పట్టుకుని వచ్చి బల్లవంక చాలాసేపు చూసింది. ఆమె పుట్టిల్లు చింతపల్లి అవతల. పేరు రాయనా అని అడిగితే, "రాయకమ్మా, మావోళ్లు నవ్వుతారు" అంది గనక రాయడం లేదు.

"ఇంతమంది మొగోళ్లు కొండమీన కూకున్నారు గదమ్మా, మరి ఈళ్లకి కూడెవులు వండినారు?" అంది.

నేనూ మావాడూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బల్లంతా వెతికితే ఒక్క ఆడమనిషి లేదు. ఒక్క పొయ్యి లేదు. కుండ లేదు. ఘాటు ఎక్కే పటాలం సామాన్లు మోసే కూలీ లేడు. గింజలు దాచి పెట్టిన ఇల్లు లేదు, దాచినందుకు దెబ్బలు తిన్నవాళ్లు అసలే లేరు. భూతద్దం పెట్టుకుని గంటసేపు చూసిన నాకు తోచని లోపం, చీపురు పట్టుకుని నిమిషం చూసిన ఆమెకి తోచింది.

మా కొండపల్లి వాళ్లు ఈ ప్రశ్న ఎప్పుడో వేసుకున్నారు కాబోలు. తెల్ల పొణికి కర్రని చెక్కి, చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికి వాళ్లు చేసే పల్లెటూరి బొమ్మల్లో, పనిలేని మనిషి కనిపించడు. నీళ్లు మోసే ఆమె, దంచే ఆమె, కల్లుగీసే అతను, బండి తోలే అతను, అంతా ఉంటారు. అంబారీ ఏనుగుమీద రాజుగారున్నా, ఆయనకంటే ముందు మావటివాడు కూర్చుని ఉంటాడు. ఇంక మా ఊరికి దగ్గర్లో, వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రని తరిణెమీద తిప్పుతూ లక్కపుల్లని ఆనిస్తే, ఆ రాపిడి వేడికి రంగు కరిగి కర్రకి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. చెట్ల గింజలనుంచీ, బెరళ్లనుంచీ తీసిన రంగులు. అక్కడి బొమ్మలకి కనుపాపలూ గుండీలూ ఉండవు. రెండు చుక్కలు, ఒక గీత, అంతే. అయినా ఏ బొమ్మనీ చిన్నచూపు చూసినట్టుండదు. రాజుకీ రెండు చుక్కలే, రైతుకీ రెండు చుక్కలే. ముఖం చిన్నదని కళ్లు ఎగ్గొట్టడం, పక్కవాడికి మీసం కూడా దిద్దడం, ఆ పక్షపాతం ఆ చేతికి తెలియదు.

ఈ సంగతే మావాడికి వివరంగా చెప్పాను. కుంచె ఎవరిమీద ఎక్కువసేపు ఆగిందో వాళ్లే మనకి మనుషులురా, మిగతావాళ్లు అడవిలో చెట్లూ అన్నాను. నాకే నచ్చింది ఆ మాట. ఏదో ఉపన్యాసంలో వాడుకోవచ్చనుకున్నాను.

వాడు కుంచె కడుక్కుంటూ, తలెత్తకుండానే అన్నాడు: "అమ్మా, నీ రెండో నవల్లో పనిమనిషి పేరేమిటి?"

నేను నోరు తెరిచి మూసేశాను.

పేరు లేదు. నాలుగు వందల పేజీల నవల. కథానాయిక చీర అంచు ఎలా ఉందో రాశాను. ఆమె ప్రియుడి చేతి గడియారం గురించి ఒక పేరా రాశాను. వాళ్లు దెబ్బలాడుకున్నప్పుడల్లా పనిమనిషి కాఫీ తెచ్చి పెట్టి వెళ్తుంది. పదకొండుసార్లు తెచ్చింది. తర్వాత లెక్కపెట్టాను లెండి. పదకొండు కప్పుల కాఫీ నా కథలో తెచ్చిపెట్టిన ఆడమనిషికి నేను ఒక పేరూ, రెండు కళ్లూ ఇవ్వలేదు. ఆ నవలకి ఆడవాళ్ల బతుకుల్ని చక్కగా చిత్రించిందని పేరొచ్చింది! దొరలకి గుండీలు కుట్టడమంటే నాకు చాతకానిది కాదన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టక, పడుకుని బ్రాంటీ అక్కచెల్లెళ్ల గురించి ఆలోచించాను. 1826లో వాళ్ల నాన్నగారు కొడుకు బ్రాన్‌వెల్‌కోసం పన్నెండు కొయ్య సిపాయిల పెట్టె తెచ్చారు. పొద్దున్నే అక్కచెల్లెళ్లు ముగ్గురూ తలా ఒక సిపాయిని పట్టేసుకున్నారు. పదేళ్ల షార్లొట్టి తన బొమ్మకి వెల్లింగ్టన్ ప్రభువని పేరు పెట్టేసింది. చూశారా, వాళ్లు ముందు చేసిన పని పేరు పెట్టడం! తర్వాత ఆ సిపాయిలకి దేశాలు కట్టారు, రాజకీయాలు పెట్టారు. ఆ సిపాయిలు చదువుకోవడానికి వీలుగా, అగ్గిపెట్టెంత పుస్తకాలు కంటికి ఆననంత చిన్న అక్షరాలతో రాసి కుట్టారు. 'జేన్ ఐర్', 'వుదరింగ్ హైట్స్' రాసిన చేతులు అలవాటు పడింది ఆ బొమ్మల దగ్గరే. అన్నదమ్ముడికిచ్చిన సైన్యాన్ని ఆడపిల్లలు సాహిత్యం చేసుకున్నారు. వెల్స్‌గారి తెలివైన రకం ఆడపిల్లలు, ఆయన పుట్టడానికి నలభై ఏళ్ల ముందే ఉన్నారు.

మర్నాడు మావాడు ఎందుకో మల్లుదొర ఫోటో వెతికాడు. సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర జైలునుంచి వచ్చి, 1952లో విశాఖపట్నంనుంచి మొట్టమొదటి లోక్‌సభకి ఎన్నికయ్యారని చెబితే వాడు తెల్లబోయాడు. పారిపోతారో లేదో పాచిక వేసి తేల్చుకోవాలని పుస్తకం చెప్పిన మనుషుల్లో ఒకాయన ఢిల్లీ వెళ్లి పార్లమెంటులో కూర్చున్నాడన్నమాట. ఆ సాయంత్రం కొండమీది ఇరవై ముగ్గురినీ దించి వేడినీళ్లలో వేశాడు. మళ్లీ రంగులు మొదలు. ఒక్కొక్కరికి ఒక్కో ఒంటిచాయ. ఎంతమందికి గడ్డం, ఎవరికి తల నెరిసింది, ఎవడు కుర్రాడు అంటూ మా పనావిడని అడిగి మరీ వేస్తున్నాడు. రూల్సు పుస్తకం వెనక అట్టమీద పెన్సిలుతో ఒక కొత్త రూలు రాసుకున్నాడు. ముందు నడిచే మన సిపాయిల్లో ఒక్కడు పడినా, కొండమీదివాళ్లు ఓడినట్టే. బెంగుళూరునుంచి మా మేనల్లుడు ఫోను చేసి, "అలాగైతే గెలవడం చాలా కష్టంరా!" అన్నాడుట. "కష్టమే. అందుకే కదా అది గొప్ప" అన్నాడుట వీడు.

నాకు కూడా ఒక బొమ్మ అప్పగించారు. తీగకి ఎం-సీల్ అద్ది మావాడే చేశాడు. నెత్తిమీద గంపతో ఘాటు ఎక్కుతున్న ఆడమనిషి. కళ్లు పెట్టడం నా వంతు. పాఠకురాళ్లారా, ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను గాని ఇంత కష్టపడిన చుక్క నేను పెట్టలేదు! కళ్లజోడు మీద భూతద్దం పెట్టి, మోచెయ్యి బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి పెట్టాను. ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి పోయాయి.

"అమ్మా, ఆమె రెండువైపులా చూస్తోంది," అన్నాడు మావాడు.

"చూడనీ. ఆ దారిలో రెండువైపులా చూసుకోకపోతే ఎలా?" అన్నాను.

మా పనావిడ బొమ్మని అరచేతిలో పెట్టుకుని చూసి, "గంప ఖాళీగుందేటమ్మా?" అని, డబ్బాలోంచి నాలుగు చోడిగింజలు తీసి అందులో వేసింది. జిగురు పెట్టి అంటించాం.

ఇంతకీ నా తీర్పు ఏమిటంటారా? ఇది కళే. మన కొలువు ఎంత కళో, అంత కళ. ఇందులో చేతి పనితనానికి నూటికి తొంభై వేశాను. చూపుకి వేసిన మార్కులు మటుకు నాకూ వాడికీ సమానం. అవి ఇక్కడ చెప్పను.

ఆ రెండో నవల మళ్లీ అచ్చుకి వెళుతోంది. ప్రూఫులు వచ్చాయి. బల్ల ఖాళీ లేదు గనక చాపమీదే పరుచుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మొదటి కప్పు కాఫీ నలభై ఏడో పేజీలో వస్తుంది. తెచ్చే ఆమె పేరు ఇంకా తేలలేదు.